పాటకు ఒక్క మార్కు.. కాలుకు అయిదు!

ఫోన్ పట్టుకుంటే సాలు, రీల్సుల ఒకటి తప్పకుంట కనవడ్తది. తెల్ల డ్రెస్సు, నడుముకు నల్ల బెల్టు, ఎనుక దుమ్ము లేపే పాట. పోరడు గాలిలకు లేస్తడు, గిర్రున తిరుగుతడు, కాలు ఇసురుతడు, పిల్లి లెక్క చప్పుడు కాకుంట కిందికి దిగుతడు. బీటు యాడ ఆగుతదో పిడికిలి గాడనే ఆగుతది. చూసినోళ్లల్ల సగం మంది "మస్తున్నది" అంటరు. మిగిలిన సగం మంది "గిది తైక్వాండోనా, డ్యాన్సా? రేపు ఎవడన్న మీదికొస్తే పాట పెట్టుకోని కొడ్తవా?" అని నవ్వుతరు.

దీని అసలు పేరు ఫ్రీస్టైల్ పూమ్సే. పాటకు కట్టిన తైక్వాండో. ఇది టైంపాస్ ఆట కాదు, ప్రపంచ పోటీలల్ల పతకాలు ఉన్న ఆట. గందుకే దీని గురించి నవ్వుడు, మెచ్చుకునుడు రెండూ పక్కన వెట్టి జర లోపలికి పోయి చూద్దాం. ఎందుకంటే గీ రీళ్లు చూసి మన ఊర్ల పోరలు గడ్డివాముల మీద పల్టీలు కొడ్తుండ్రు. అమ్మానాయినలు బెల్టు పరీక్షలకు, సర్టిఫికెట్లకు పైసలు కడ్తుండ్రు. రేపు స్పోర్ట్స్ కోటల అక్కరకొస్తదని ఆశ.

నేను జెప్పేది ఒక్కటే. పాట వల్ల గీ ఆటకు వచ్చిన నష్టం ఏం లేదు. నష్టమంతా రెండు చోట్ల ఉన్నది. ఒకటి, పునాది లేకుంట పల్టీలకు ఎగవడుడు. రెండు, మార్కులేసేటోని చెయ్యి వంకర వోవుడు.

ముందుగాల పూమ్సే అంటే ఏంది?

తైక్వాండోల రెండు దారులున్నయి. ఒకటి క్యోరుగి, అంటే ఎదురుబొదురు కొట్లాట. ఒలింపిక్స్‌ల మనం చూసేది గిదే. 1988, 1992ల నమూనాగ ఆడించిండ్రు, 2000 సిడ్నీ నుంచి పతకాల ఆట అయ్యింది. రెండోది పూమ్సే. ఇండ్ల ఎదుట మనిషి ఉండడు. ఉన్నడనుకోని అడ్డుకునుడు, గుద్దుడు, తన్నుడు ఒక వరుసల చెయ్యాలె. బడిల ఎక్కాలు నేర్చినట్టు, మొదలు తేగుక్ పేరు మీద ఎనిమిది వరుసలు నేర్పుతరు. మొదటి దాంట్ల 18 కదలికలు. బ్లాక్ బెల్టు అయినంక కొర్యో, కుమ్‌గాంగ్, తేబెక్ అనుకుంట ఇంకా కష్టమైనయి వస్తయి.

గీ పాత వరుసలను "గుర్తింపు పూమ్సే" అంటరు. వీటికి పాట ఉండదు. హాలంత సైలెంటుగ ఉంటది, ఆటగాడు ఏసే కేక, డ్రెస్సు ఇసిరినప్పుడు అచ్చే పటపట, గంతే. దీనికి మొత్తం 10 మార్కులు. అండ్ల 4 మార్కులు ఎంత కరెక్టుగ చేసినవ్ అన్నదానికి, 6 మార్కులు బలం, వేగం, లయ, పట్టుకు. కాలు జరంత తప్పు పడితే 0.1 కోత, పెద్ద తప్పయితే 0.3 కోత. గంత సన్నగ కొలుస్తరు.

పూమ్సేకు ప్రత్యేకంగ ప్రపంచ చాంపియన్‌షిప్ షురూ అయ్యింది 2006ల, సియోల్‌ల. పాటతోటి చేసే ఫ్రీస్టైల్ దాంట్లకు వచ్చింది 2012ల, కొలంబియాల టున్హా అనే ఊర్లె జరిగినప్పుడు. 2018 జకార్తా ఏషియా క్రీడలల్ల పూమ్సేకు మొదటిసారి పతకాలు వెట్టిండ్రు. అంటే గీ పాట ముచ్చట నిన్న మొన్న రీల్సుల పుట్టింది కాదు, పదేండ్లు దాటింది.

మార్కుల లెక్క చూస్తే బొమ్మ మారుతది

ఇగ అసలు కథ. ఫ్రీస్టైల్‌ల ఆటగాడే పాట తెచ్చుకుంటడు, ఆటగాడే వరుస కట్టుకుంటడు. టైం నిమిషంన్నర, మీదికెల్లి ఇంకో పది సెకండ్ల దాక: 90 నుంచి 100 సెకండ్లు. దీనిక్కూడ 10 మార్కులే. అయితే అండ్ల పాటకు ఎన్ని?

ఒక్కటి. అది గూడ మొత్తం పాటకే కాదు. పాట, దానికి కట్టిన కదలికలు, రెండు కలిపి ఒక్క మార్కు. కొత్తదనానికి ఒకటి, పొందికకు ఒకటి, ఒంట్ల ఉన్న ఊపు బయటికి కనవడుటానికి ఒకటి. గివి నాలుగు.

మిగిలిన ఆరు మార్కులు సాంకేతిక పనితనానికి. అండ్ల అయిదు ఉత్త కాళ్లకే. ఎగిరి పక్కకు తన్నుడు ఎంత ఎత్తు పోయింది? ఒక్కసారి గాలిలకు లేస్తే ఎన్ని తన్నులు తన్నినవ్? తిరిగి తన్నేటప్పుడు ఒళ్లు ఎంత తిరిగింది, 540 డిగ్రీలా, 720యా, ఇంకా ఎక్కువనా? పోటీల కొట్లాడినట్టు ఎంటెంట ఎట్ల తన్నినవ్? పల్టీ ఎట్ల కొట్టినవ్? ఒక్కోదానికి ఒక్కో మార్కు. ఆఖరి ఒక్క మార్కు మూల కదలికలు కరెక్టుగ ఉన్నయా, కొట్లాటల పనికొచ్చేటట్టు ఉన్నయా అన్నదానికి.

ఇంకో ముచ్చట యాది పెట్టుకోండ్రి. ఉత్త పల్టీకి విలువ లేదు. పల్టీల తైక్వాండో తన్ను కలవాలె. మధ్యల కొన్ని నిలబడే తీర్లు తప్పనిసరిగ చూపియ్యాలె. ఒంటికాలు మీద కొంగ లెక్క నిలబడుడు అండ్ల ఒకటి. గాలిల మూడు సుట్లు తిరిగినోడు కిందికి దిగినంక ఒంటికాలు మీద వణకకుంట నిలబడాలె. గా పట్టు రీల్సులు చూస్తే రాదు. తేగుక్ ఒకటో వరుస వెయ్యిసార్లు చేస్తెనే వస్తది.

అంటే రీలుల మనకు ముందుగాల ఇనవడేది పాట. మార్కుల కాయిదంల ఆఖరికి ఉండేది పాట. గీ తేడా తెల్వకనే సగం పంచాయితి.

డ్యాన్సా, కొట్లాటా?

"పాట పెడితే యుద్ధకళ కాకుంట పోతది" అనేటోళ్లకు మన ముచ్చటే జెప్పాలె. దసరాకు, జాతర్లకు మన ఊర్లల్ల కర్రసాము చూడలేదా? డప్పు కొడుతుంటెనే కర్ర తిరుగుతది. దరువు మారితే అడుగు మారుతది. డప్పు ఉన్నదని గా కర్ర దెబ్బ మెత్తగయితదా? నెత్తికి తాకితే తెలుస్తది. కాకతీయుల కాలం నాటిదని చెప్పుకునే పేరిణి సంగతి గూడ గంతే. మద్దెల మీద ఆడే వీరుల ఆట అది. దాన్ని ఎవ్వలూ ఉత్త డ్యాన్సని తీసెయ్యరు.

అంతెందుకు, కబడ్డీ చూడుండ్రి. కూత ఆగితే రైడర్ అవుట్. అండ్ల కూత సోకు కాదు, రూలు. గట్లనే ఫ్రీస్టైల్ పూమ్సేల పాట గడియారం లెక్క పనిచేస్తది. తన్ను తొందరపడ్డదా, ఆలిశమయ్యిందా అన్నది మామూలు పూమ్సేల పెద్ద సారుకే తెలుస్తది. పాట ఉంటే, బీటు తప్పినోడు ఆఖరి కుర్సీల కూసున్న ముసలవ్వకు గూడ దొరికిపోతడు.

అట్లని పోటీని, ప్రదర్శనను కలిపి చూడొద్దు. వరల్డ్ తైక్వాండో వాళ్ల ప్రదర్శన జట్టు 2021ల 'అమెరికాస్ గాట్ టాలెంట్'ల గోల్డెన్ బజర్ కొట్టింది. ఆళ్లు గాలిల ఎగిరి చెక్కలు పగులగొడుతుంటే దునియా నోరెళ్లవెట్టింది. కొరియాల కే-టైగర్స్ అనే జట్టు పాప్ పాటలకు తైక్వాండో కలిపి పేరు తెచ్చుకున్నది. అది వేదిక మీద ఆట. చూసేటోళ్లు సంబురపడితే సాలు, పని అయిపోయినట్టే. పోటీల గట్ల నడువదు. ఆడ చప్పట్లకు మార్కుల్లేవ్.

జనానికి రూలు తెల్వకపోతే ఏమైతదో 2024 పారిస్ ఒలింపిక్స్‌ల బ్రేకింగ్ చూపెట్టింది. అది గూడ పాట మీద ఆడే పోటీనే. ఆస్ట్రేలియా నుంచి వచ్చిన రేగన్ అనే ఆమె ఆడిన మూడు పోటీలల్ల ఒక్క ఓటు గూడ రాలే. దునియా అంత గా ఒక్క వీడియో చూసి నవ్వింది. అదే పోటీల గోల్డు కొట్టిన జపాన్ బిడ్డ అమి ఎంత గొప్పగ ఆడిందో చూసినోళ్లు ఎంతమంది? 2028 లాస్ ఏంజెలిస్‌ల బ్రేకింగ్ లేదు. ఆ నవ్వుల వల్లనే తీసేసిండ్రనుకునుడు తప్పు, పారిస్ కంటే ముందే ఆ జాబితా తయారయ్యింది. గని ఒక ఆటను దాని బలంతోటి కాకుంట ఒక్క ముక్క వీడియోతోటి తూకం ఏసే అలవాటు మనకు ఎంత ముదిరిందో గది సాక్ష్యం. పూమ్సే గూడ ఇప్పుడు గదే తక్కెడల ఉన్నది.

అసలు భయం తీర్పు దగ్గర్నే

ఇగ నా అసలు బాధకు వస్తున్న. పరుగు పందెంల గడియారం ఉంటది. ఎత్తు దూకుడుల కర్ర ఉంటది. కర్ర పడ్డదా, పడలేదా, గంతే. గని మనిషి కండ్లతోటి మార్కులేసే ఆటల, ఆ కండ్లే తక్కెడ.

క్యోరుగిలనే గీ కష్టం ఎంత వచ్చిందో చూడుండ్రి. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌ల బ్రిటన్ ఆటగత్తె సారా స్టీవెన్‌సన్ చైనా చాంపియన్ చెన్ ఝాంగ్ మొకం మీద తన్నింది. జడ్జీలు పాయింట్ ఇయ్యలే. ఓడిపోయినవ్ అన్నరు. అప్పీలు చేస్తే వీడియో చూసి ఫలితం మార్చిండ్రు. గా తర్వాత 2012 లండన్‌కు వచ్చేసరికి సెన్సార్లున్న ఛాతీ కవచాలు, వీడియో రీప్లే వచ్చినయి. ఇప్పుడు తన్ను గట్టిగ తాకితే మిషినే పాయింట్ ఏస్తది.

పూమ్సేకు గసోంటి కవచం లేదు. ఆడ ఉన్నది అయిదుగురో ఏడుగురో జడ్జీలు. అందరి కంటే ఎక్కువ ఏసినోని మార్కు, అందరి కంటే తక్కువ ఏసినోని మార్కు తీసేసి, మిగిలినయి సగటు తీస్తరు. ఒక్కడు పక్షపాతం చూపెడితే గీ పద్ధతి ఆపుతది. ముగ్గురు కూడబలుక్కుంటే ఆపలేదు. "పొందిక", "ఊపు", "కొత్తదనం" అన్న మార్కులు ఫ్రీస్టైల్‌ల ఇంకా ఎక్కువ. ఎట్ల కొలుస్తవ్? టేపు పెట్టి కొలువలేం.

ఇది తైక్వాండో ఒక్కదాని రోగం కాదు. 2002 సాల్ట్ లేక్ సిటీ శీతాకాల ఒలింపిక్స్‌ల మంచు మీద జోడీ స్కేటింగ్. పాట మీద ఆడేదే. రష్యా జంటకు గోల్డు ఇచ్చిండ్రు. ఫ్రాన్స్ జడ్జి మీద ఒత్తిడి పెట్టిండ్రన్న ముచ్చట బయటపడ్డది. ఆఖరికి కెనడా జంటకు గూడ గోల్డు ఇచ్చిండ్రు, ఆ తర్వాత మొత్తం మార్కుల పద్ధతే మార్చి పారేసిండ్రు. సిగ్గుపడ్డరు గని, సిగ్గుపడి బాగు చేసుకున్నరు.

మరి మన దగ్గర? 2025 ఫిబ్రవరిల ఉత్తరాఖండ్ జాతీయ క్రీడలు యాది చేసుకోండ్రి. తైక్వాండో పోటీలు షురూ కాకముందే పోటీల డైరెక్టర్‌ను మార్చేసిండ్రు. ఎందుకు? 16 బరువు విభాగాలల్ల 10 విభాగాల ఫలితాలు ముందుగాలనే ఖాయం చేసిండ్రని, గోల్డుకు 3 లక్షలు అడిగిండ్రని ఆరోపణలు అచ్చినయి. భారత ఒలింపిక్ సంఘం వేసిన కమిటీనే గీ నిర్ణయం తీసుకున్నది. ఆరోపణ ఆరోపణే, నేరం రుజువైనట్టు కాదు. గని ఒక్క ముచ్చట ఆలోచన చేయుండ్రి. సెన్సార్లున్న క్యోరుగిలనే గసోంటి మాట పుట్టిందంటే, ఉత్త కండ్ల మీద నడిచే పూమ్సేల ఊరి పోరనికి భరోసా ఎవడిస్తడు?

పట్నపోడు ఓడిపోతే ఇంకో పోటీకి పోతడు. మన పోరడు జిల్లా పోటీకి పోవుడే కష్టం. ఆర్టీసీ బస్సు చార్జీకి నాయిన దగ్గర, డ్రెస్సుకు మేనమామ దగ్గర అడుక్కోని పోతడు. ఆడ మార్కు అన్యాయంగ పోతే వాడు ఓడేది ఒక్క పోటీ కాదు, మొత్తం ఆటనే ఇడిసిపెడ్తడు.

మ్యాట్ లేని ఊరు, మడికట్ల పల్టీ

ఇంకో అసమానం గూడ ఉన్నది. మార్కుల లెక్క మళ్లీ చూడుండ్రి. పల్టీకి ఒక మార్కు, సుట్టు తిరుగుడుకు ఒక మార్కు, గాలిల తన్నులకు ఒక మార్కు. గివి నేర్వాలంటే మెత్తటి మ్యాట్ ఉండాలె, కింద పడితే పట్టుకునే సారు ఉండాలె. పట్నంల జిమ్నాస్టిక్స్ హాళ్లు ఉంటయి. మన బడి గ్రౌండ్‌ల కంకర తేలి ఉంటది. మెడ మీద పడితే పతకం సంగతి దేవుడెరుగు, మంచం దిగుడు కష్టమైతది. రీలు తీసినోడు పదిసార్లు పడ్డది కోసేసి పదకొండోసారి నిలబడ్డది మనకు చూపెడ్తడు. గది మరిచిపోకుండ్రి.

మరి ఊరి పోరలకు దారి లేదా? ఉన్నది. ఆ దారి పాట లేని పూమ్సేల ఉన్నది.

అరుణాచల్ ప్రదేశ్ ఆడబిడ్డ రూపా బేయోర్‌ను చూడుండ్రి. దేశానికి ఒక మూలకు ఉన్న కొండల నుంచి వచ్చింది. 2024ల వియత్నాంల డా నాంగ్‌ల జరిగిన ఏషియా పూమ్సే చాంపియన్‌షిప్‌ల కాంస్యం తెచ్చింది. వ్యక్తిగత పూమ్సేల గా స్థాయి పతకం మన దేశానికి అదే మొదటిది. ఆమె గెలిచింది 30 ఏండ్ల లోపు ఆడోళ్ల గుర్తింపు పూమ్సేల. అంటే పాట లేదు, పల్టీ లేదు. నిలబడ్డ తీరు, ఇసిరిన చెయ్యి, ఆగిన పిడికిలి, గంతే.

ఇండోనేషియా ముచ్చట గూడ యాది పెట్టుకోండ్రి. 2018 జకార్తాల సొంత గడ్డ మీద ఆ దేశానికి వచ్చిన మొదటి గోల్డు బ్యాడ్మింటన్‌ది కాదు. పూమ్సేల డెఫియా రోస్మానియార్ తెచ్చింది. ఆ రోజు దేశాధ్యక్షుడు హాలుల కూసోని చూసిండు. తైక్వాండోకు పుట్టిల్లయిన కొరియాను దాటి వేరే దేశపు బిడ్డ గెలువొచ్చని గా పతకం నిరూపించింది.

పాత వరుసలు నేర్వాలంటే పది అడుగుల సాపు జాగ సాలు. అద్దం లేకపోతే ఫోన్ ఉన్నది కదా, రీలు చూసేదానికి బదులు నీ కాలు నువ్వే వీడియో తీసుకోని తప్పులు చూసుకో. మోకాలు ఎంత వంగింది, నడుము తిరిగిందా, చూపు ముందుగాల పోయిందా? గా పునాది గట్టిపడ్డంక, మ్యాట్, సారు దొరికినప్పుడు పాట, పల్టీ కలుపుకో. కొరియా పోరలు చేసేది గూడ గదే, ముందు తేగుక్, తర్వాత తమాషా.

పైసలు కట్టే ముందు అడుగుండ్రి

ఆఖరికి అమ్మానాయినలకు, అన్నదమ్ములకు, అక్కచెల్లెండ్లకు ఒక మాట. మన దేశంల తైక్వాండో సంఘాల కొట్లాట ఇవ్వాల్టిది కాదు. పేర్లు అటుఇటుగ ఒక్కతీరుగ ఉంటయి. ఒకలు "ఇండియా" అంటరు, ఇంకొకలు "ఫెడరేషన్" అంటరు. కోర్టులల్ల కేసులు, గుర్తింపు వచ్చుడు, పోవుడు. దీంట్ల నలిగేది ఆటగాళ్లే. "నేషనల్" అని రాసి ఉన్న ప్రతి సర్టిఫికెట్ నేషనల్ కాదు. మెడల మెడల్ ఏసుకోని ఫోటో దిగినంత మాత్రాన స్పోర్ట్స్ కోటల పనికిరాదు. ఆ పోటీ పెట్టిన సంఘానికి గుర్తింపు ఉన్నదా అన్నది ముందుగాల అడుగాలె.

బ్లాక్ బెల్టు గూడ గంతే. కొరియాల 1972 నుంచి ఉన్న కుక్కివాన్ అనే సంస్థ ఇచ్చే డాన్ సర్టిఫికెట్‌కే ప్రపంచ పోటీలల్ల విలువ. 15 ఏండ్లు నిండని పిల్లలకు డాన్ ఇయ్యరు, "పూమ్" అని ఇస్తరు. దాని నంబరు ఆన్‌లైన్ల చెక్ చేసుకోవచ్చు. సారు ఇచ్చిన కాయిదం మీద గా నంబరు లేకుంటే మొహమాటపడకుంట అడుగుండ్రి. మంచి సారు కోపానికి రాడు, చూపెడ్తడు.

2025 ఆగస్టుల పార్లమెంటు జాతీయ క్రీడా పాలన చట్టం చేసింది. క్రీడా సంఘాలకు గుర్తింపు ఇచ్చేందుకు ఒక జాతీయ బోర్డు, తగాదాలు తీర్చేందుకు ఒక ట్రిబ్యునల్ పెడ్తమని అండ్ల రాసిండ్రు. కాయిదం మీద మంచిగనే ఉన్నది. గని నాకు కావాల్సింది ఢిల్లీల బోర్డు ఒక్కటే కాదు. జిల్లా పోటీల గూడ ప్రతి జడ్జి ఏసిన మార్కు అప్పుడే తెర మీద పడాలె. ఎవలు ఎంత ఏసిండ్రో పేరుతోటి కనవడాలె. వీడియో దాచిపెట్టాలె, అప్పీలుకు దారి ఉండాలె. తన శిష్యుడు ఆడుతుంటే సారు జడ్జి కుర్సీల కూసోవద్దు. గీ నాలుగు పనులకు కోట్లు అక్కర్లేదు. ఒక టీవీ, ఒక ఫోన్, జరంత సిగ్గు ఉంటే సాలు.

పాటను తిట్టుకుంట కూసుంటే ఏం రాదు. డప్పు మీద కర్ర తిప్పిన జాతికి బీటు మీద కాలు ఇసురుడు కొత్తేం కాదు. మన పోరలు గూడ రేపు తమ పాట తామే తెచ్చుకోని గా మ్యాట్ ఎక్కాలె. డప్పు దరువు మీదనే ఎక్కితే ఇంకా సంబురం. గని ఆ రోజు వాడు దిగేసరికి కింద మెత్తటి మ్యాట్ ఉండాలె, ముందట నిజాయితీ ఉన్న చెయ్యి మార్కు ఏయాలె. గీ రెండూ అడుగుడు వాని ఒక్కని పని కాదు. ఊర్లె బడి గ్రౌండ్ గురించి, జిల్లాల పోటీల గురించి, సర్టిఫికెట్ల గురించి మనమే అడుగాలె. అడుగకుంటే పాట వాళ్లదే, పతకం వాళ్లదే, పల్టీ కొట్టి నడుము ఇరగ్గొట్టుకునేది మనోడు.